పిడికెడు బియ్యం తీసుడు, చింత దించుడు: మా ఇంట్లో చేసే తీరు

రాత్రి పదకొండు దాటినా నిద్ర రాక లెక్కలు వేసుకునే అక్కచెల్లెండ్ల కోసం ఇది రాస్తున్న. మాది దేవరకొండ. మా ఆయన పుణెలో సెంట్రింగు పనికి పోతడు, నేను ఇంట్లో మిషన్ కుడత. పైసలు ఏ నెల ఎప్పుడు వస్తయో తెల్వదు. బిడ్డ ఫీజు, చీటీ, కిరాయి మాత్రం తేదీ తప్పవు.

ముందుగాల ఒక పాత నోటుబుక్కు తీసుకోండి. ప్రార్థనకు కూర్చునే ముందు మనసుల ఉన్నదంతా రాయండి. రేపు చెయ్యగలిగే పని ఉంటే పక్కకే టైము వెయ్యండి: “సోమవారం 10 గంటలకు కాలేజీకి పోయి ఫీజుకు వాయిదా అడగాలె.” చెయ్యడానికి ఏమీ లేనివి మిగులుతయి. ఆయన మూడో అంతస్తు మీదినుంచి జారితే ఎట్ల అన్నది నా నోటుబుక్కుల ఎన్నిసార్లు రాసిన్నో. వాటిని ఒక్కొక్కటి పైకి చదివి దేవునికి అప్పజెప్పండి. “మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి” అని పేతురు మొదటి పత్రిక 5:7లో ఉన్నది. యావత్తు అన్నడు, సగం ఉంచుకొమ్మనలే. వారాల తరబడి నిద్ర లేకుంటే, గుండె దడదడలాడుతుంటే డాక్టరుకు చూపించుకోండి, లేదా మనసు బాగలేనప్పుడు మాట్లాడే సర్కారు ఫోను సాయం టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. డాక్టరు దగ్గరికి పోతే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

ఇగ లేనోళ్లకు ఇచ్చేటందుకు తీసే పిడికెడు బియ్యం. పూట వంటకు బియ్యం కొలిచినంక, కడగకముందు, అందులకెల్లి ఒక పిడికెడు వెనక్కి తీసి వేరే డబ్బాల పొయ్యండి. కొలిచినంకనే ఎందుకంటే, అది మన కంచంలోది కావాలె. తడి చెయ్యి పెట్టొద్దు, ఎండిన యాపాకు వేసి ఉంచండి. సన్నవి, దొడ్డువి కలపొద్దు, ఉడికే టైము వేరు. నా పిడికెడు తూకం వేస్తే 50 గ్రాములు. రెండు పూటలకు 100, నెలకు 3 కిలోలు. మా మందిరం స్త్రీల సమాజంలో పదకొండు ఇండ్లు, 33 కిలోలు.

అయితే ఆ బియ్యం ఎవరికియ్యాలె? ఇక్కడ్నే మేము చాలా నేర్చుకున్నం. 2025 ఉగాది నుంచి తెలంగాణల రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు. సంచి పట్టుకొని పోతే ఒక ముసలమ్మ అన్నది: “బియ్యమున్నయ్ బిడ్డా, దేంతోని తినాలె?” అప్పటినుంచి కార్డు లేని ఇండ్లకు, బొంబాయి నుంచి కొత్తగా తిరిగొచ్చినోళ్లకు బియ్యం ఇస్తం. మిగిలినవి మేమే బజారు ధరకు కొనుక్కొని, ఆ పైసలతోని నూనె, పప్పు, సబ్బులు తెస్తం. “శరీరమునకు కావలసినవాటిని” అంటడు యాకోబు తన పత్రికల. మన దగ్గర మిగిలినవాటిని అనలేదు.

“ఏమన్న కావాల్నా” అని అడగకండి, అందరూ వద్దనే అంటరు. కూర్చోండి, మంచినీళ్లు అడగండి, “ఇయ్యాల ఏం కూర వండినవ్” అనండి. మా చెల్లె ఉండే మర్రిగూడ దిక్కు ఫ్లోరైడుతోని కాళ్లు వంగిపోయిన పెద్దమనిషి ఒకాయన ఉన్నడు. నల్లాల కృష్ణా నీళ్లు వస్తయి, బిందె లోపలికి మోసేటోళ్లు లేరు. ఆయనకు కావలసింది పొద్దున రెండు బిందెలు. మా చెల్లె కొడుకు పోసి వస్తడు.

ఇచ్చేటప్పుడు జాగ్రత్త. మొదటి నెల ఆరాధన అయినంక అందరి ముంగట ఒకామె చేతిల సంచి పెట్టి ఫొటో తీసిన. రెండు ఆదివారాలు ఆమె మందిరానికి రాలే. తప్పు నాదే, ఇంటికి పోయి క్షమించమని అడిగిన. ఇప్పుడు పొద్దుగూకినంక ఒక్కరమే, కూరగాయల సంచిలనే పెట్టుకొని పోతం. తండావాళ్లయినా, పక్కింటి సాయిబులైనా మందిరానికి రమ్మని అప్పుడు అడగం. చేతిల సంచి ఉండంగ అడిగితే కాదనలేరు కదా.

మీ ఇంట్లోనే బియ్యం నిండుకున్న నెల పిడికెడు తియ్యకండి. సమాజంలో మీ పేరు రాయించుకోండి. నిరుడు ఆగస్టుల నేను రాయించుకున్న. రెండు నూనె ప్యాకెట్లు, కిలో కందిపప్పు, బిడ్డకు ప్యాడ్లు వచ్చినయ్. తీసుకున్న.