కంట్రోల్ రూమ్ మూగబోతే ముందు ఏం చూడాలి

రెండు లైన్లూ ఒకేసారి పోయాయి

ఫైర్, పోలీస్ లాంటి అత్యవసర కాల్స్ అందుకునే కంట్రోల్ రూమ్‌కు, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని రెండు కంపెనీల ఇంటర్నెట్ తీసుకుంటాం. డ్రైనేజీ పనికొచ్చిన జేసీబీ గేటు ముందు ఒక్క పోటు పొడిస్తే రెండూ పోతాయి. హైదరాబాద్‌లో నేను వెళ్లిన ఒక ఫైర్ స్టేషన్ ముందు గోతిలో రెండు కేబుళ్లూ పక్కపక్కనే తెగి కనిపించాయి. బిల్లులు రెండు, గొయ్యి ఒకటే!

కేబుల్ ఏ దారిన వస్తుందో రెండు కంపెనీలనూ మ్యాపు అడగండి. ఒకటి ముందు గేటు నుంచి వస్తే రెండోది వెనక గోడ వైపు నుంచి రావాలి. కుదరకపోతే మేడ మీద కేబుల్ లేకుండా ఇంటర్నెట్ అందించే రేడియో లింక్ పెట్టించండి. తవ్వేవాళ్లు ముందే చెప్పడానికి కేంద్రం 2023లో 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చింది. అయినా గడ్డపార కనబడగానే లోపలికి చెప్పమని సెంట్రీకి కూడా చెప్పి ఉంచండి.

జనరేటర్ నడుస్తోంది, కానీ సిస్టమ్‌లు ఆగిపోయాయి

జనరేటర్ అందుకునే దాకా ఆ కాసిన్ని సెకన్లు మోయాల్సింది యూపీఎస్ బ్యాటరీలే. వేడి 10 డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మన మే నెలలో ఏసీ లేని గదిలో పెడితే ఇంకేం మిగులుతుంది? నెలకోసారి మెయిన్ స్విచ్ నిజంగా దించి చూడండి. బటన్ నొక్కి, చప్పుడు విని 'ఓకే' అని రాసే రిజిస్టర్ దేనికీ పనికిరాదు. కరెంటు ప్యానెల్ సెల్లార్‌లో ఉంటే పైకి మార్పించండి, 2020 అక్టోబర్ వానల్లో సెల్లార్లు ఎలా మునిగాయో చూశాం కదా.

వైర్‌లెస్ సెట్‌లో ఎవరి మాటా రావట్లేదు

కాసేపు చెవి పెట్టి వినండి. ఆటో హారన్లు, ఎవరో టీ చెప్పడం వినిపిస్తే ఏదో బండిలో మైక్ బటన్ సీటు సందులో నొక్కుకుపోయిందన్నమాట. బండ్లన్నిటినీ వరసగా ఫోన్లో అడగండి. బటన్ ఎంతకీ వదలకపోతే మాటను దానంతటదే ఆపేసే టైమ్-అవుట్ టైమర్‌ను ప్రతి సెట్‌లో ఒక నిమిషానికి పెట్టిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. బండ్లన్నీ సరిగానే ఉన్నా రొద ఆగకపోతే ఎవరో కావాలని అడ్డుపడుతున్నారేమో అనుమానించాలి. ప్రత్యామ్నాయ ఛానల్‌కు మారి వైర్‌లెస్ విభాగానికి చెప్పండి.

ఫైళ్లు తెరుచుకోవట్లేదు, డబ్బు అడుగుతూ మెసేజ్ వచ్చింది

ముందు నెట్‌వర్క్ వైరు పీకండి. సిస్టమ్ ఆఫ్ చేయకండి, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లోపు తెలపాలి. ఈలోగా కాల్స్ రాసుకోవడానికి కాగితం స్లిప్పుల కట్ట టేబుల్ సొరుగులోనే ఉంచండి. బీరువాలో పెట్టి తాళం వేస్తే, తాళంచెవి ఉన్నాయన ఆ రోజే సెలవులో ఉంటాడు.