పాడుబడ్డ చిత్తడి నేలను బడిపిల్లల ఆరుబయటి తరగతిగా మార్చడం ఎలా?

సాధారణంగా పెద్దలు చిత్తడి నేలను బాగుచేసి, బోర్డులు పాతి, అంతా అయ్యాక పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తారు. మీరు అలా చేయకండి. మొదటి రోజునుంచే పిల్లల్ని కలుపుకోండి. అసలు పాఠమంతా బాగుచేసే పనిలోనే ఉంది.

ముందు నేల ఎవరిదో తేల్చుకుని, అనుమతి కాగితం మీద తీసుకోండి. నీటి దారి మార్చాలంటే వేరే అనుమతి కూడా కావాల్సి రావచ్చు.

తర్వాత మూరెడు లోతు గొయ్యి తవ్వించండి. మట్టి బూడిదరంగులో ఉండి, పాత వేళ్ల చుట్టూ తుప్పురంగు చారలు కనిపిస్తే అది ఒకప్పుడు చాలాకాలం నీట నానిన నేల. గాలి అందని తడిమట్టిలో ఇనుము ఎరుపు పోగొట్టుకుంటుంది, వేళ్ల వెంట గాలి దిగినచోట మళ్లీ తుప్పు పడుతుంది. ఆ మట్టిని పిల్లలు చేత్తో పట్టుకుని చూడనివ్వండి.

ఇక అసలు పని నీళ్లు. మంచి వాన పడ్డాక, అందరూ కలిసి నీటి వెంట నడవండి. ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది, ఎక్కడ ఆగిపోయింది? చాలాసార్లు ఎప్పుడో తవ్విన కాలువొకటి నీళ్లన్నీ లాగేస్తుంటుంది. దానికి బంకమట్టితో, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి, అడ్డుకట్ట వేయాలి. చుట్టుపక్కల పొలాలు, ఇళ్లు మునగకుండా అదనపు నీరు పొర్లిపోయే మట్టం ఎంతో ఇంజనీరుతో చెప్పించుకోండి. మురుగు కలుస్తుంటే ముందు దాన్ని మళ్లించాలి. అప్పటిదాకా పిల్లలు నీటిలో దిగకూడదు.

అంచులు ఏటవాలుగా ఉంచండి, కాంక్రీటు వద్దు. చీలమండలోతు నీరున్నచోట తోకకప్పలు పెరుగుతాయి, పొడుగుకాళ్ల పక్షులు మేస్తాయి.

మొక్కలు కొనడానికి తొందరపడకండి. చార్లెస్ డార్విన్ ఒక చిన్న కుంటలో మూడు పెద్ద చెంచాల బురద తీసి ఆరునెలలు ఉంచితే 537 మొక్కలు మొలిచాయి. ఆరిన ఆ బురద బరువు 200 గ్రాములైనా లేదు! మీ బురదనూ ఒక తొట్టెలో తడిగా ఉంచి, మొలిచేవాటిని పిల్లలచేత లెక్కపెట్టించండి. తుంగ, జమ్ము లాంటివి వాటంతటవే రావచ్చు. రానివే తెచ్చి నాటాలి. పూడికతీత పేరుతో పైమట్టినంతా ఎత్తిపోస్తే ఈ గింజలన్నీ పోతాయి.

గుర్రపుడెక్కను మాత్రం పూతకు రాకముందే పీకి, నీటికి దూరంగా ఎండబెట్టాలి. గింజలు బురదలో ఏళ్లతరబడి బతికి ఉంటాయి కాబట్టి ఏటా పీకక తప్పదు.

దోమలొస్తాయని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. తూనీగ పిల్లలు దోమల పిల్లల్ని తింటాయని తెల్లట్రేలో వాళ్లకే చూపించండి. అంతేగానీ దోమల పిల్లల్ని తింటాయని గంబూషియా చేపల్ని తెచ్చి వదలకండి, అవి తోకకప్పల్నీ తినేస్తాయి.

తరగతికి పెద్ద సామాను అక్కర్లేదు. సెంటీమీటర్ల గుర్తులున్న కర్ర ఒకటి నీటిలో పాతండి. 20 సెంటీమీటర్ల వెడల్పు పళ్లేన్ని నాలుగు పావు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపు తెలుపు రంగులు వేసి తాడుతో దించితే, అది కనుమరుగయ్యే లోతే నీటి తేటదనం. 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ వాడిన పద్ధతికి ఇది తర్వాతి రూపం. వలతో పురుగుల్ని పట్టి చూడండి: మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలుంటే నీరు బాగున్నట్టు, ఎర్రని సన్న పురుగులే ఉంటే ప్రాణవాయువు తగ్గినట్టు. చూశాక ఎక్కడివి అక్కడే వదిలేయాలి.

నీరు మోకాలు దాటినచోటికి ఎవరూ వెళ్లకూడదు. ప్రతి గుంపుకూ ఒక పెద్దమనిషి ఉండాలి. ఒంటిమీద పుండున్న పిల్లలు గట్టుమీదుండి లెక్కలు రాయాలి. పనయ్యాక సబ్బుతో చేతులూ కాళ్లూ కడుక్కోవాలి.

కొలతలన్నీ ఒకే నోటుపుస్తకంలో, తేదీతో రాయించండి. ఒకే చోట నిలబడి తీసిన ఫోటో నెలకొకటి అందులో అతికించండి. 1971 ఫిబ్రవరి 2న చిత్తడి నేలల్ని కాపాడేందుకు దేశాల మధ్య రామ్‌సర్ ఒప్పందం కుదిరింది, అందుకే ఆ తేదీ ప్రపంచ చిత్తడి నేలల దినం. ఏటా ఆ రోజున, పై తరగతి పిల్లలు ఆ పుస్తకాన్ని గట్టుమీదే కింది తరగతివాళ్ల చేతికివ్వాలి.