విత్తిన చేనును కాకులు, పావురాల నుంచి కాపాడుకోవడం

విశాఖపట్నం దగ్గరి ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం వైపు మొక్కజొన్న, వేరుశనగ, మినుము వేసే రైతుకు విత్తిన మొదటి పది పన్నెండు రోజులూ పక్షుల బెడద గట్టిగా ఉంటుంది. కాకి మొలకను ముక్కుతో పట్టి లాగి, అడుగున అంటుకొని ఉన్న గింజను తిని, ఆకును అక్కడే వదిలేస్తుంది. పావురం పైకి తేలిన గింజలను ఏరుకుంటుంది, మినుము, పెసర మొలకల లేత పప్పుబద్దలను కొరికేస్తుంది. కాబట్టి వాడిన మొలకలు చాలు వెంబడి పడి ఉంటే అది కాకి పనిగా, మట్టి కదలకుండానే పైగింజలు మాయమైతే పావురాల పనిగా భావించి, దానిని బట్టి ఉపాయం ఎంచుకోవాలి.

ఇంగ్లండులో పొలం గట్టున మాటు వేసి, ప్లాస్టిక్ పావురాలను గాలికి ఎదురుగా గుర్రపు లాడం ఆకారంలో పరచి, మధ్యలో వదిలిన ఖాళీలోకి దిగే అడవి పావురాలను షాట్‌గన్‌తో కాలుస్తారు. అక్కడి చట్టం కొన్ని షరతులతో అందుకు వీలిస్తుంది, ఇక్కడ ఆ దారి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకిని ఎలుకతో పాటు, చంపడానికి వీలున్న హానికర జీవుల షెడ్యూల్‌లో చేర్చారు గాని, 2022 సవరణ ఆ షెడ్యూల్‌నే తొలగించింది, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. తుపాకికి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉన్నంత మాత్రాన పక్షిని కాల్చే హక్కు రాదు. విషం కలిపిన గింజలు చల్లడం అంతకంటే ప్రమాదం, ఎందుకంటే వాటిని నెమళ్లు, ఇంటి కోళ్లు కూడా తింటాయి.

అయితే ఆ వేటగాళ్ల పద్ధతిలో మనకు పనికివచ్చే విషయం ఒకటుంది. ఆకాశంలో వెళ్లే పావురాల గుంపు కింద తన జాతి పక్షులు మేస్తూ కనిపించిన చోటే దిగుతుంది. విశాఖ నగరంలోని మధురవాడ అపార్టుమెంట్లలో, వంతెనల కింద గూళ్లు కట్టుకున్న పావురాలు తెల్లవారగానే పొలాల వైపు వస్తాయి. మొదట దిగిన నాలుగింటిని అప్పుడే లేపేస్తే వెనక వచ్చేవి పక్క చేలకు సాగిపోతాయి, ఎనిమిది గంటలకు వెళ్లి తోలితే అప్పటికే కడుపు నింపుకొని ఉంటాయి.

విత్తేటప్పుడే జాగ్రత్త పడితే సగం పని తప్పుతుంది. మొక్కజొన్నను నాలుగైదు సెంటీమీటర్ల లోతున వేసి, మట్టి కప్పి, చాలు చివర ఒలికిన గింజలను ఏరివేయాలి. గట్టు మీద ఒలికిన ఆ గుప్పెడు గింజలే గుంపును పిలుస్తాయి.

తరువాత మెరుపు రిబ్బను కట్టాలి. ఒకవైపు ఎరుపు, మరోవైపు వెండి రంగు ఉండే ఈ రిబ్బనును వెదురు కర్రలకు ఉత్తర దక్షిణాలుగా, వరుసల మధ్య ఐదు మీటర్ల ఎడంతో, పైరుకు అర మీటరు ఎత్తున కట్టాలి. ప్రతి రెండు కర్రల మధ్య రెండు మూడు మెలికలు తిప్పి, కొంచెం వదులుగా ఉంచాలి. బిగించి కట్టిన రిబ్బను చప్పుడు చేయదు. మెలిక ఉన్నది గాలికి గిరగిర తిరుగుతూ బొంయ్‌మంటుంది, ఎండ తగిలితే మెరుస్తుంది. మన తీరంలో ఒక చిక్కుంది: సముద్రపు గాలి పొద్దెక్కాక గాని పుంజుకోదు, పక్షులు వచ్చేది గాలి లేని తెల్లవారుజామున. ఆ గంటన్నర సేపు మంచె మీద మనిషి, చేతిలో రేకు డబ్బా తప్పనిసరి. చప్పుడు కోసం పేల్చే కార్బైడ్ గొట్టాల జోలికి పోవద్దు, వాటి వల్ల కళ్లు పోయే ప్రమాదం ఉంది.

కాకులకు మాత్రం నల్ల గుడ్డతో రెక్కలు విప్పిన కాకి బొమ్మ చేసి తలకిందులుగా వేలాడదీస్తే, చుట్టూ మూగి, కాసేపు గోల చేసి, ఆ చోటు విడిచిపెడతాయి. దానిని రెండు మూడు రోజులకొకసారి మార్చకపోతే దాని మీదే వాలుతాయి. దిష్టిబొమ్మ సంగతీ అంతే. పావురాలకు ఇది పెద్దగా పనిచేయదు.

నారుమళ్లకు, కూరగాయల మొలకలకు మత్స్యకార గ్రామాల్లో దొరికే పాత వలలను అడుగు ఎత్తున బిగించి కప్పవచ్చు, వదులుగా వేస్తే పాములు, పిట్టలు చిక్కుకుంటాయి కాబట్టి రోజూ చూసుకోవాలి.

మొక్కకు నాలుగాకులు వచ్చాక రిబ్బను విప్పి దాచుకోవాలి, లేకపోతే పక్షులు దానికి అలవాటు పడతాయి. మొక్కజొన్న కండెలు పాలు పోసుకునేటప్పుడు రామచిలుకలు, కాకులు మళ్లీ వస్తాయి గనుక, అప్పుడు రిబ్బను తిరిగి కట్టి, గట్టు పక్క మూడు నాలుగు వరుసల్లోని కండెలకు పక్క ఆకులనే చుట్టి ముడివేస్తే సరిపోతుంది.