అద్దె ఇంటి పడకగదిలోకి వచ్చే రోడ్డు రొదను తగ్గించుకోవడం ఎలా?

విశాఖపట్నంలో 16వ నంబరు జాతీయ రహదారి గాజువాక, ఎన్‌ఏడీ కూడలి, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడల మీదుగా ఇళ్ల మధ్య నుంచే సాగుతుంది. అందువల్ల ఆ దారిని ఆనుకుని అద్దెకు ఉండేవారికి లారీల గుర్రుమనే చప్పుడు, హారన్లు, బైకుల మోత అర్ధరాత్రి దాటినా వినిపిస్తూనే ఉంటాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించకూడదు. ఆ వేళల్లో అత్యవసరమైతే తప్ప అక్కడ హారన్ కూడా మోగించకూడదు. ఆ నియమాల అమలు మన చేతుల్లో లేదు గానీ, మన కిటికీ మాత్రం చాలావరకు మన చేతుల్లోనే ఉంది. సొంత ఇల్లయితే కిటికీనే మార్పించుకోవచ్చు. అద్దె ఇంట్లో గోడకు రంధ్రం పెట్టకుండా, ఖాళీ చేసేటప్పుడు ఆనవాలు మిగలకుండా ఈ పని చేసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గ్రహిస్తే సగం డబ్బు మిగులుతుంది. గాలి దూరే ప్రతి సందులోంచీ శబ్దం దూరుతుంది. కాబట్టి ముందు సందులు మూయాలి, ఆ తరువాతే కిటికీకి బరువైన రెండో పొర చేర్చాలి, తెరల సంగతి చివరన చూసుకోవాలి. చాలామంది దళసరి కర్టెన్లతో మొదలుపెట్టి, ఫలితం కనిపించక, ఇక ఇంతే అనుకుని వదిలేస్తారు. ఈ వరుస తారుమారు కావడమే దానికి కారణం.

మొదటి పని: సందులు ఎక్కడున్నాయో కనిపెట్టడం

ఫ్యాను ఆపి, కిటికీ గట్టిగా మూసి, వెలిగించిన అగరుబత్తిని చట్రం చుట్టూ, రెక్కలు కలిసే చోట నెమ్మదిగా తిప్పండి. తెరలకు, కాగితాలకు నిప్పు తగలకుండా చూసుకోండి. సాయంత్రం సముద్రపు గాలి వీచేటప్పుడు చేస్తే పొగ ఎక్కడ వంగుతోందో స్పష్టంగా తెలుస్తుంది. మూసిన రెక్కకూ చట్రానికీ మధ్య కాగితం ముక్క పెట్టి లాగి చూడండి. అది సులువుగా జారి వచ్చిందంటే అక్కడ రెక్క బిగుతుగా కూర్చోవడం లేదు. దొరికిన చోట్లన్నీ పెన్సిలుతో గుర్తుపెట్టుకోండి. ఫోనులో శబ్దాన్ని కొలిచే యాప్ చూపే అంకెను ప్రమాణంగా తీసుకోలేము. అయినా ఒకే ఫోనును, మంచం మీద ఒకే చోట, రాత్రి ఒకే వేళకు పెట్టి చూస్తే పనికి ముందూ తరువాతా తేడా తెలుస్తుంది. 10 డెసిబెల్స్ తగ్గితే మన చెవికి శబ్దం దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది.

రెండో పని: కిటికీ పైన ఉన్నదాన్ని చూడడం

మన ఇళ్లలో అసలు దొంగ తరచుగా కిటికీ కాదు, దాని పైనున్న వెంటిలేటర్. దానికి ఏటవాలు గాజు పలకలు గానీ, ఉత్త జాలీ గానీ ఉంటే, కింద ఎంత శ్రద్ధగా మూసినా రొద పైనుంచి నేరుగా దిగుతుంది. దాని కొలతకు ప్లైవుడ్ ముక్క కోయించి, అంచులకు ఫోమ్ టేపు అతికించి, చట్రంలో బిగుతుగా ఇమిడేలా కూర్చోబెట్టండి. మేకులు అవసరం లేదు. తీయడానికి వీలుగా ముక్కకు ఒక చిన్న పిడి ఉంటే చాలు. ఏసీ పైపు గోడలోంచి వెళ్లే రంధ్రం, పాత విండో ఏసీ కోసం కోసి అట్టముక్కతో మూసిన ఖాళీ కూడా ఇలాంటివే. పైపు చుట్టూ ఏసీ మెకానిక్‌లు వాడే మెత్తటి పుట్టీ పెట్టవచ్చు, అది తరువాత తేలిగ్గా ఊడి వస్తుంది.

మూడో పని: రెక్కలను బిగించడం

చెక్క కిటికీ అయితే పని తేలిక. రెక్క ఆనే చట్రపు అంచును తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక, వెనుక జిగురు ఉన్న రబ్బరు గాస్కెట్‌ను, అంటే సందు మూసే పట్టీని, చుట్టూ అతికించండి. మూసి గడియ వేసినప్పుడు అది కొద్దిగా నలగాలి. గడియ పడనంత మందమైతే సన్నది తీసుకోండి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది కనుక వేసవిలో తీసిన కొలత అప్పుడు బిగుతవుతుందని గుర్తుంచుకోవాలి. చవక ఫోమ్ ఇక్కడి ఉక్కకు, ఉప్పుగాలికి త్వరగా పొడిపొడిగా రాలిపోతుంది, కాబట్టి నాలుగు రూపాయలు ఎక్కువైనా రబ్బరే నయం.

జరిగే అల్యూమినియం కిటికీలతోనే చిక్కు ఎక్కువ. రెక్క జరగాలంటే సందు ఉండాలి, ఆ సందును మూయడానికి అంచుల్లో బ్రష్‌లాంటి నూలు పట్టీ ఉంటుంది. కొన్నేళ్లకు ఆ నూలు అణిగిపోతుంది లేదా ఊడిపోతుంది. ఆ పట్టీ విడిగా దొరుకుతుంది. అల్యూమినియం పనివాడు రెక్క తీసి కొత్తది దూర్చగలడు. ఇది మరమ్మతు కిందికే వస్తుంది. దుమ్ము, వానజల్లు కూడా తగ్గుతాయని వివరిస్తే చాలామంది ఇంటి యజమానులు కాదనరు, కనుక అడగడానికి మొహమాటపడకండి. అరిగిన చక్రాలను, పట్టని తాళాన్ని కూడా అప్పుడే మార్పించండి, ఎందుకంటే రెక్క కొంచెం వంగినా మధ్యలో రెండు రెక్కలు కలిసే చోట నిలువునా సందు పడుతుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. కింది ట్రాక్‌లో బయటి వైపు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. అవి వాననీరు పోయే దారి. రొద వస్తోందని వాటిని సిలికాన్‌తో మూసేస్తే, అక్టోబరు, నవంబరు తుఫానులలో జల్లు ఎదురుగా కొట్టినప్పుడు ట్రాక్ నిండి నీళ్లు గదిలోకి పొర్లుతాయి. వాటిని ఎన్నడూ మూయకూడదు.

నాలుగో పని: లోపల రెండో పలక

సందులు మూసిన తరువాత కూడా నిద్ర పట్టకపోతే, అప్పుడు ఖర్చు పెట్టదగిన పని ఇదొక్కటే. కిటికీకి లోపలి వైపు, గోడ మందంలో, కనీసం 6 మిల్లీమీటర్ల మందం గల అక్రిలిక్ (గాజులా కనిపించే గట్టి ప్లాస్టిక్) పలకను నిలబెట్టాలి. పాత అద్దానికీ ఈ పలకకూ మధ్య గాలి ఖాళీ ఎంత ఎక్కువ ఉంటే అంత మేలు. దాదాపు 4 అంగుళాలు దొరికితే చాలా మంచిది, అంగుళం కన్నా తక్కువైతే లారీల గుర్రుమనే చప్పుడు మీద దాని ప్రభావం తక్కువే. పలక బరువును తక్కువగా అంచనా వేయకండి: 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు ఉన్న కిటికీకి 6 మిల్లీమీటర్ల అక్రిలిక్ సుమారు పదిన్నర కిలోలు తూగుతుంది. అందుకే బరువంతా కిటికీ గట్టు మీద ఆనాలి, అయస్కాంతపు పట్టీ గానీ మరొకటి గానీ పలకను నిటారుగా పట్టి ఉంచడానికి మాత్రమే. అంచుల చుట్టూ రబ్బరు తప్పనిసరి, లేకపోతే మళ్లీ సందే. రెండు పిడులు పెట్టించి, ఇంట్లో పెద్దవారు కూడా తీయగలిగేలా ఉంచండి. ప్రమాద సమయంలో కిటికీ తెరవాల్సి రావచ్చు.

ఇంత చేసినా హారన్లు, టైర్ల రొద బాగా తగ్గుతాయి గానీ, బరువైన లారీ ఇంజను అదురు కొంత మిగులుతుంది. తక్కువ పౌనఃపున్యపు శబ్దం గోడల ద్వారా కూడా వస్తుంది, కనుక అది పూర్తిగా పోతుందని ఆశించవద్దు. ఆ మిగిలినదానికి మంచాన్ని కిటికీ గోడ నుంచి ఎదుటి గోడకు జరపడం ఉచితమైన మందు. దళసరి తెరలు గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, అంతకు మించి కాదు. గుడ్ల అట్టలు, బుడగల ప్లాస్టిక్ కిటికీకి అతికించడం వృథా.

గాలి మాట మరిచిపోకూడదు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరుస్తుంది, బయటి గాలిని తీసుకురాదు. రోడ్డు వైపు మూసినప్పుడు, పడకగది తలుపు తీసి ఉంచి, ఇంటి వెనుక వైపు కిటికీ ఒకటి తెరవండి. గదిలో దోమల కాయిల్ వెలిగించడం మానండి. వారానికోసారి పలక తీసి మధ్యలో చెమ్మ, బూజు ఉన్నాయేమో చూసి తుడవండి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గాస్కెట్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఒక చివర నుంచి మెల్లగా లాగితే రంగు లేవదు. మిగిలిన జిగురు కొబ్బరినూనె రాసి కాసేపు ఉంచితే మెత్తబడి గుడ్డకు వచ్చేస్తుంది. పని మొదలుపెట్టే నాడే చట్రం ఫోటోలు తీసి యజమానికి పంపి ఉంటే, అడ్వాన్సు తిరిగి తీసుకునేటప్పుడు మాట పెరగదు.