నలుగురూ కలిసి చెక్కే పెద్ద రాయి: తెల్ల మచ్చలు, పెచ్చులు, పగుళ్లు ఎక్కడి నుంచి వస్తాయి

బయట నిలబెట్టే పెద్ద శిల్పాన్ని పదిమంది కలిసి చెక్కుతున్నప్పుడు ఏ తేడా వచ్చినా ముందు వినిపించే మాట ఒకటే: "రాయి మంచిది కాదు." రాయిని తిట్టే ముందు రెండు పనులు చేయండి. దాని మీద బకెట్టు నీళ్లు పోసి, ఆరేదాకా చూడండి. తర్వాత చెక్కుతున్నవాళ్ల దగ్గరికి వెళ్లి ఉలి మొన చూడండి. ఈ రెండూ తెలియనివాళ్లు లేరు, చేసేవాళ్లే కనపడరు.

ఉలి, సుత్తి పట్టడం తెలుసుననే అనుకుంటున్నాను. కళ్లద్దాలు, మాస్కు సంగతీ అంతే. గ్రానైటు, ఇసుకరాయి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు.

సమస్య: తడితే మోగడం లేదు

గట్టి రాయిని చిన్న సుత్తితో తడితే ఖంగుమంటుంది. దబ్బుమంటే లోపల బీట ఉందని అందరికీ టెన్షన్ మొదలవుతుంది. కాస్త ఆగండి. మట్టిలో పూర్తిగా కూర్చున్న రాయి ఎంత మంచిదైనా మోగదు. చెక్క దుంగల మీదికి ఎత్తించి మళ్లీ తట్టండి. ఎత్తించడం అంటే క్రేన్‌తోనో చైన్ పుల్లీతోనో. ఘనపు మీటరు గ్రానైటు 2.6 టన్నులకు పైనే ఉంటుంది, మనుషులు ఎక్కువున్నారు కదా అని తోసి దొర్లించే పని కాదు.

దుంగల మీద కూడా ఒకచోట మోగి పక్కనే మూగబోతే, అక్కడ నీళ్లు పోయండి. చుట్టూ ఆరిపోయాక సన్నటి నల్ల గీత మిగిలిందంటే అదే బీట. మైనపు క్రేయాన్‌తో గుర్తు పెట్టండి, సుద్ద అయితే తర్వాతి తడికే పోతుంది. చెయ్యి, రెక్క లాంటి సన్నటి భాగాలు ఆ గీత మీద పడకుండా రూపాన్నే జరపండి. లోపలికి జిగురు ఎక్కించి పైన చెక్కుకుంటూ పోవడానికి, ఎండా వానా తగిలే శిల్పం విషయంలో నేను ఒప్పుకోను.

సమస్య: నునుపు చేస్తుంటే తెల్ల మచ్చలు తేలుతున్నాయి

నన్ను అన్నిటికంటే ఎక్కువ ముంచింది ఇదే. పాలరాయిలోనూ గట్టి సున్నపురాయిలోనూ బాగా కనిపిస్తుంది. మోటు పని అయిపోయి, రూపం వచ్చి, అందరూ ఫొటోలు దిగి వెళ్లిపోయాక మీరు నీళ్లు పోసి రుద్దడం మొదలుపెడతారు. 120 నంబరు గరుకుతో రుద్దే దశ దగ్గర ఒక్కొక్కటే బయటికొస్తాయి: మధ్యలో తెల్లటి చుక్క, దాని చుట్టూ నాలుగైదు వెంట్రుక గీతలు. ఎంత రుద్దినా పోవు. అందరూ రాతిలో మలినం అంటారు. మలినం ఎక్కడైనా ఉండొచ్చు గానీ, ఇవి కొత్తవాళ్లు కూర్చున్న చోటే గుంపుగా ఉంటాయి.

అవి దెబ్బలు. ఉలిని రాతికి నిటారుగా నిలబెట్టి కొడితే పెళ్ల లేవదు, బలమంతా లోపలికి దిగిపోతుంది. మొన కింద స్ఫటికాల మధ్య అతుకు వదిలి, సన్నటి పగుళ్లు పడతాయి. వెలుతురు వాటిలో చెదిరిపోతుంది కాబట్టి తెల్లగా కనిపిస్తాయి. మోటు పని దశలో రాయంతా పొడి పట్టి తెల్లగానే ఉంటుంది, అందుకే ఎవరి కంటా పడవు. బయటపడే వేళకి కొట్టినవాళ్లు అక్కడ ఉండరు.

ఇక్కడిదాకా చాలామంది చెబుతారు, "ఉలి వాల్చి పట్టుకోండి" అని. చెప్పిన కాసేపు వాల్చి పట్టుకుంటారు, మళ్లీ నిలబెడతారు. మాట వినరని విసుక్కోవడం దండగ. మొన అరిగిపోయిన ఉలిని వాల్చి కొడితే రాయిని పట్టుకోక జారిపోతుంది. రెండుసార్లు జారి వేళ్లకు తగిలాక ఎవరైనా సరే దాన్ని నిలబెట్టే కొడతారు. అంటే తప్పు చేతిది కాదు, మొనది. అందరికీ పొద్దున ఇచ్చిన ఉలే సాయంత్రం దాకా నడుస్తుంది, సాన పట్టేవాళ్లు ఉండరు.

కనిపెట్టడం తేలికే. కాళ్ల దగ్గర రాలినవి చూడండి. చిప్పలు, పలుకులు రాలుతుంటే పని సవ్యంగా సాగుతున్నట్టు. పిండిలా పొడి మాత్రమే ఉంటే ఆ ఉలి ఆపించండి. మొనను గోటి మీద ఆనించండి: జారితే అరిగింది, నిలిస్తే పదునుంది. ఇంకా అనుమానంగా ఉంటే ఒక్కొక్కరు చెక్కిన చోట అరచేయంత మేర అప్పుడే రుద్ది, తడిపి చూడండి. చివరికి తెలియడం కన్నా మొదటి రోజే తెలియడం నయం.

పరిష్కారం కూడా అక్కడే మొదలవుతుంది. చెక్కకుండా సాన మాత్రమే పట్టే మనిషి ఒకరు ఉండాలి. వాడిన ఉలి ఒక బకెట్టులో, పదునుది ఇంకో బకెట్టులో. మొన ఉలి, అంటే ఒకే మొన ఉన్న ఉలి, సుమారు 45 డిగ్రీలు వాలి ఉండాలి. కొత్తవాళ్లకు ముందు అదే రాతి తుక్కు ముక్క ఇవ్వండి, చిప్ప లేపడం వచ్చాకే అసలు రాయి. బరువు సుత్తులు దాచేయండి. మొన ఉలి పనిని తుది రూపానికి కనీసం 15 మి.మీ. పైనే ఆపి, మిగతాది దువ్వెనలా పళ్లున్న పళ్ల ఉలితో దించండి. గ్రానైటు లెక్క వేరు. అది నలిగి తెగే రాయి కనుక ఉలి కొంచెం నిటారుగానే ఉంటుంది, పొడీ ఎక్కువే. అక్కడ కాపాడేది మీరు వదిలిన మందమే: మోటు మొన, సన్న మొన, ఆ తర్వాత పళ్ల సుత్తి (ముఖం నిండా చిన్న మొనలున్న సుత్తి), ఒక్కో దశలో దెబ్బ తగ్గించుకుంటూ దిగాలి.

మచ్చలు ఇప్పటికే పడి ఉంటే? మచ్చ ఉన్నచోట మాత్రమే గీకకండి. గుంట పడుతుంది, అందులో వాన నీళ్లు నిలుస్తాయి. మొత్తం తలాన్ని ఒకేలా దించాలి. అంత మందం లేకపోతే నిలువుగా ఉండే తలాలను పళ్ల ఉలి గీతలతోనే ముగించండి, మచ్చలు వాటిలో కలిసిపోతాయి. ఆకాశం వైపు చూసే తలాలకు మాత్రం ఈ ఉపాయం వద్దు. ఆ పగుళ్లు నీళ్లు తాగుతాయి. మంచు పడే చోటైతే నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది, పెచ్చు ఊడుతుంది. ఇక మచ్చల మీద ఎపాక్సీ జిగురు పూస్తే ఎండకు పసుపు తిరిగి, దాచిందే ఎత్తి చూపుతుంది.

సమస్య: రూపం ఒక పక్కకి పోతోంది

ఒకరు ముక్కు నుంచి కొలుస్తారు, ఇంకొకరు భుజం నుంచి. ఆ ముక్కూ భుజమూ రోజూ అరుగుతూనే ఉంటాయి. కొలతలన్నీ రాతికి బయట పాతిన చట్రం నుంచే తీయాలి, తీసే మనిషి ఒక్కరే ఉండాలి. ఇంకా ఎంత లోతు పోవాలో అంతే లోతు రంధ్రం వేసి, అడుగున రంగు చుక్క పెట్టండి. రంగు కనిపిస్తే ఆగాలని పిల్లలకు కూడా అర్థమవుతుంది.

సమస్య: అంచులు విరుగుతున్నాయి, పొరలు లేస్తున్నాయి

అంచు విరిగితే దెబ్బ బయటికి వెళ్తోందని అర్థం. అంచు నుంచి లోపలికి కొట్టండి, అంతే. పొరలు లేవడం ఇసుకరాయి, సున్నపురాయిలో ఉండే తంటా. గనిలో పొరలు పడుకుని ఉన్నట్టే శిల్పంలోనూ పడుకోవాలి. పొరలను శిల్పం ముందు తలానికి సమాంతరంగా నిలబెడితే రాయి పొరలు పొరలుగా రాలుతుంది, చెక్కాక దీనికి మందు లేదు.

అరుదైనవి

తుప్పు రంగు మరకలు: పక్కన ఎవరో గ్రైండర్‌తో ఇనుము కోశారేమో అడగండి, నిప్పురవ్వలు అంటుకుని ఉంటాయి. రాతిలోనే ఇనుప ఖనిజం ఉండటం కూడా జరుగుతుంది గానీ తక్కువ. దిమ్మెకు బిగించిన చోట పగిలితే లోపల మామూలు ఇనుప కడ్డీ ఉండి తుప్పుతో ఉబ్బిందన్నమాట, తీసేసి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టండి.