అమెరికా హైస్కూల్ మ్యాథ్స్ దారులు: ఆల్జీబ్రా 1 ఏ గ్రేడ్‌లో పడుతుందో ముందు చూసుకోండి

ప్రతి ఏడాది చలికాలం సెలవులు అయిపోగానే స్కూళ్ల నుంచి కోర్సుల ఫారాలు రావడం మొదలవుతుంది, తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో టెన్షన్ కూడా అప్పుడే మొదలవుతుంది. మ్యాథ్స్ గడిలో నాలుగైదు పేర్లుంటాయి, ఏది టిక్ పెడితే పన్నెండో గ్రేడ్‌కి పిల్లలు ఎక్కడ తేలతారో ఫారం చూసి చెప్పడం కష్టం. మనం చదువుకున్నప్పుడు ఈ బాధే లేదు, తొమ్మిదో తరగతి అంటే క్లాసులో అందరికీ ఒకటే లెక్కల పుస్తకం. ఇక్కడ ఒకే గ్రేడ్‌లో ఉన్న నలుగురు పిల్లలు నాలుగు వేర్వేరు మ్యాథ్స్ క్లాసుల్లో కూర్చుంటారు, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది చాలాచోట్ల ఆరో గ్రేడ్ నాటికే తేలిపోతుంది. మా పెద్దమ్మాయి ఆరులో ఉన్నప్పుడు నాకు ఈ సంగతి తెలియదు, తెలిసేసరికి తను ఎనిమిదికి వచ్చేసింది. ఇప్పుడు ఐదు, ఆరు గ్రేడ్‌ల పిల్లలున్నవాళ్లకి అలా జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు వరుస తెలుసుకోండి

ఎక్కువ స్కూళ్లలో వరుస ఇలా ఉంటుంది: ఆల్జీబ్రా 1, తర్వాత జామెట్రీ, తర్వాత ఆల్జీబ్రా 2, తర్వాత ప్రీకాల్కులస్, ఆఖరున కాల్కులస్. ఐదు మెట్లు, మెట్టుకి ఒక ఏడాది. ఆల్జీబ్రా 1 తొమ్మిదిలో మొదలుపెట్టిన పిల్లలు పన్నెండో గ్రేడ్‌లో ప్రీకాల్కులస్ దగ్గర ఆగుతారు. ఎనిమిదిలో మొదలుపెడితే పన్నెండులో కాల్కులస్ అందుతుంది, ఏడులోనే మొదలైతే పదకొండులోనే కాల్కులస్ అయిపోయి ఇంకో ఏడాది చేతిలో ఉంటుంది. అందుకే స్కూల్ కౌన్సెలర్ (కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చేవారు) "అడ్వాన్స్‌డ్", "యాక్సిలరేటెడ్", "ఆనర్స్" అని ఎన్ని పేర్లు చెప్పినా మీరు ఒక్కటే అడగండి: ఈ ట్రాక్‌లో వెళ్తే ఆల్జీబ్రా 1 ఏ గ్రేడ్‌లో వస్తుంది? మిగతాది వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఆనర్స్ అన్న మాట గురించి ఒక చిన్న గమనిక. ఆనర్స్ జామెట్రీ అంటే అదే మెట్టు మీద కాస్త లోతైన క్లాసు, మెట్టు మాత్రం మారదు. ఆనర్స్ దొరికింది కదా అని పిల్లలు ముందుకెళ్లినట్టు అనుకునే వాళ్లని చాలామందిని చూశాను.

కొన్ని చోట్ల ఈ పేర్లే కనిపించవు, మ్యాథ్ 1, మ్యాథ్ 2, మ్యాథ్ 3 అని ఉంటాయి. 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు హైస్కూల్‌కి రెండు దారులూ చూపించాయి: ఒకటి పాత వరుస, రెండోది అన్నీ కలిపి చెప్పే ఇంటిగ్రేటెడ్ పద్ధతి. నార్త్ కరోలినా, యూటా రాష్ట్రాలు ఇంటిగ్రేటెడ్ వైపు వెళ్లాయి, కాలిఫోర్నియాలో ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌ది (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థది) ఒక్కో పద్ధతి. చదువు నాణ్యతలో రెండింటికీ పెద్ద తేడా లేదని నా అభిప్రాయం, చిక్కంతా ఇల్లు మారినప్పుడే వస్తుంది. మ్యాథ్ 1లో కొంత ఆల్జీబ్రా, కొంత జామెట్రీ, కొంత స్టాటిస్టిక్స్ ఉంటాయి కాబట్టి నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో మ్యాథ్ 1 చదివి టెక్సస్‌లోని డాలస్ వెళ్లిన పిల్లవాడికి ఆల్జీబ్రా 1 అయినట్టా, కానట్టా అని కొత్త స్కూల్‌కి వెంటనే తోచదు. ఉద్యోగం వల్ల మారక తప్పనప్పుడు, పాత స్కూల్ నుంచి మార్కులతో పాటు ఆ కోర్సులో చెప్పిన పాఠాల జాబితా కూడా తీసుకెళ్లండి. ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, మార్కులు ఉండే స్కూల్ రికార్డు) మీద ఉన్న ఒక్క కోర్సు పేరుని నమ్ముకుంటే కొత్త కౌన్సెలర్ ఎక్కువసార్లు ఒక మెట్టు కిందే కూర్చోబెడతారు.

ఆరో గ్రేడ్ తలుపు

ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 చదవాలంటే ఆరు, ఏడు, ఎనిమిది గ్రేడ్‌ల పాఠాలు మూడేళ్ల బదులు రెండేళ్లలో పూర్తవ్వాలి. అంటే ఐదో గ్రేడ్ చివర్లో గానీ ఆరులో గానీ ప్లేస్‌మెంట్ జరగాలి. దేన్ని బట్టి చేస్తారన్నది డిస్ట్రిక్ట్‌ని బట్టి మారుతుంది: రాష్ట్ర పరీక్ష మార్కులు, మ్యాప్ (స్కూళ్లలో కంప్యూటర్ మీద పెట్టే ఒక పరీక్ష) స్కోరు, టీచర్ సిఫార్సు, కొన్నిచోట్ల విడిగా ఆల్జీబ్రా ఆప్టిట్యూడ్ టెస్టు.

టీచర్ సిఫార్సు మీదే వదిలేస్తే అర్హత ఉన్న పిల్లలు కూడా మిగిలిపోతున్నారని కొన్ని రాష్ట్రాలు చట్టాలే చేశాయి. నార్త్ కరోలినాలో 2018 చట్టం ప్రకారం రాష్ట్ర పరీక్షలో పై స్థాయి తెచ్చుకున్న పిల్లలకి అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్ ఇవ్వాలి. టెక్సస్‌లో 2023లో చేసిన చట్టం ఐదో గ్రేడ్ మ్యాథ్స్ పరీక్షలో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ క్లాసులో దానంతట అదే చేర్చాలంటుంది, వద్దనుకుంటే పేరెంట్సే చెప్పాలి. కాలిఫోర్నియాలో 2015 చట్టం తొమ్మిదో గ్రేడ్ ప్లేస్‌మెంట్ గురించి: డిస్ట్రిక్ట్‌కి స్పష్టమైన పాలసీ ఉండాలి, స్కూల్ మొదలైన నెలలోపు పిల్లలు సరైన క్లాసులో ఉన్నారో లేదో మళ్లీ చూడాలి, పేరెంట్స్ అభ్యంతరం చెప్పుకునే దారి ఉండాలి. మీరు ఈ రాష్ట్రాల్లో ఉంటే కౌన్సెలర్‌తో మాట్లాడేటప్పుడు చట్టం పేరెత్తడానికి మొహమాటపడకండి. మర్యాదగా అడిగితే చాలు, గొడవ పడాల్సిన పని లేదు.

పాలసీలు మారుతూ ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోండి. శాన్ ఫ్రాన్సిస్కో డిస్ట్రిక్ట్ 2014లో ఎనిమిదో గ్రేడ్ ఆల్జీబ్రా తీసేసి అందరినీ తొమ్మిదిలోనే మొదలుపెట్టించింది, పదేళ్లు వాదోపవాదాలు నడిచాక 2024లో మళ్లీ తేవాలని బోర్డు నిర్ణయించింది. పక్కింటివాళ్ల పెద్దబ్బాయి కాలంలో ఉన్న పద్ధతి మీ చిన్నదానికి ఉంటుందని గ్యారంటీ లేదు. ఈ ఏడాది కోర్సు కేటలాగ్ మీరే తెరిచి చూడండి.

తోయాలా, ఆగాలా

ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడతాను, ఎందుకంటే మన వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఎదురింటి పాప ఏడులో ఆల్జీబ్రా చేస్తోందని మన పిల్లల్ని కూడా ఎక్కించేస్తాం, కోచింగ్ పెట్టి ప్లేస్‌మెంట్ టెస్టు గట్టెక్కిస్తాం. టెస్టు పాసవడం వేరు, ఆల్జీబ్రా వంటబట్టడం వేరు.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టండి. మూడింట రెండు ఎక్స్ నుంచి పావు తీసేస్తే ఆరింట ఐదు వచ్చింది, అంటే (2/3)x − 1/4 = 5/6, ఎక్స్ ఎంత? కాలిక్యులేటర్ ఇవ్వకండి. జవాబు ఎనిమిదింట పదమూడు (13/8). జవాబు కన్నా చేసే తీరు చూడండి. భిన్నాలు చూడగానే 0.67 అంటూ దశాంశాల్లోకి పారిపోతుంటే భిన్నాలంటే ఇంకా భయం ఉన్నట్టే. చేశాక "రెండు వైపులా పావు ఎందుకు కలిపావు?" అని అడగండి, "అవతలికి పంపితే గుర్తు మారుతుంది కదా" అని మాత్రమే చెబితే రూలు కంఠస్థం అయింది గానీ సమీకరణం అంటే ఏమిటో ఇంకా అందలేదు. తర్వాత y = 3x, y = 3x + 2 రెండూ గీయమనండి, ఎక్స్ రెట్టింపైతే వై కూడా రెట్టింపయ్యేది ఏదో, ఎందుకో చెప్పమనండి. ఇవి తడబడకుండా చెప్పగలిగితే ఏ గ్రేడ్ అయినా ఆల్జీబ్రా 1కి రెడీ. లేదంటే ఇంకో ఏడాది ఆగడం వల్ల పోయేదేమీ లేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అబ్బాయిని ఏడులోనే ఆల్జీబ్రా 1లో వేశాం. అక్క విషయంలో ఆలస్యమైందన్న దిగులుతో తొందరపడింది నేనే. వాడికి సీ వచ్చింది. ఎనిమిదిలో మళ్లీ ఆల్జీబ్రా 1 చదివించాం, ఇంట్లో పెద్దవాళ్లు నామోషీ అన్నారు. ఆ రెండో ఏడాదిలోనే కారణాంకాలు, వర్గ సమీకరణాలు వాడికి నిజంగా పట్టుబడ్డాయి, ఆ తర్వాత ఏ క్లాసులోనూ వెనక్కి చూడలేదు. కాల్కులస్‌లో మార్కులు ఎక్కడ పోతాయో ఏ టీచర్‌ని అడిగినా చెబుతారు: (x + 3)/3లో పైనా కిందా మూళ్లు కొట్టేయడం, √(a² + b²)ని a + b అనేయడం. అవన్నీ ఆల్జీబ్రా తప్పులే.

ఆలస్యమైతే దారులు

తొమ్మిదిలో ఆల్జీబ్రా 1 మొదలైనా కాల్కులస్ చేరుకోవచ్చు. అన్నిటికన్నా మంచి దారి పదో గ్రేడ్‌లో జామెట్రీ, ఆల్జీబ్రా 2 రెండూ ఒకే ఏడాది తీసుకోవడం. ఆల్జీబ్రా 2కి కావలసింది చాలావరకు ఆల్జీబ్రా 1 నుంచే వస్తుంది, జామెట్రీ మీద పెద్దగా ఆధారపడదు, అందుకే ఈ రెండూ పక్కపక్కన నడుస్తాయి. మా అమ్మాయి ఇదే చేసింది: పదిలో రెండు మ్యాథ్స్ క్లాసులు, పదకొండులో ప్రీకాల్కులస్, పన్నెండులో కాల్కులస్. ఒక ఎలక్టివ్ (ఇష్టంతో ఎంచుకునే సబ్జెక్టు) వదులుకోవాల్సి వచ్చింది, ఆ ఏడాది హోంవర్క్ భారం కూడా ఎక్కువే, అది ముందే పిల్లలతో కూర్చుని మాట్లాడుకోండి.

రెండో దారి వేసవిలో జామెట్రీ. కుదురుతుంది, చాలామంది చేస్తారు. కానీ ఆల్జీబ్రా 2ని మాత్రం వేసవిలో ఆరు వారాల్లో ముగించకండి. సంవర్గమానాలు, సంకీర్ణ సంఖ్యలు, బహుపదులు, ప్రమేయాలు అన్నీ అందులోనే ఉంటాయి, ప్రీకాల్కులస్ మొత్తం వాటి మీదే నిలబడుతుంది. బయట ఆన్‌లైన్ కోర్సు తీసుకుంటే, డబ్బు కట్టకముందే మీ స్కూల్ ఆ క్రెడిట్ ఒప్పుకుంటుందని ఈమెయిల్‌లో రాయించుకోండి. కాలిఫోర్నియాలో అయితే ఆ కోర్సు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఎ-జి జాబితాలో (అడ్మిషన్‌కి ఆ యూనివర్సిటీ ఒప్పుకునే హైస్కూల్ కోర్సుల జాబితాలో) ఉందా అని కూడా చూడాలి. నోటి మాట మీద వెళ్లి తర్వాత తల పట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

ఇండియా నుంచి తొమ్మిది, పది చదివి వచ్చే పిల్లలది ఇంకో కథ. మార్కుల జాబితాలో "మ్యాథమెటిక్స్" అని ఒక్క మాటే ఉంటుంది కాబట్టి ఇక్కడి స్కూల్ భయపడి ఆల్జీబ్రా 1లో వేసేస్తుంది. సీబీఎస్ఈ పది పూర్తిచేసిన వాళ్లకి వర్గ సమీకరణాలు, సరూప త్రిభుజాలు, వృత్తాలు, కొంత త్రికోణమితి వచ్చి ఉంటాయి, అంటే ఆల్జీబ్రా 1, జామెట్రీ చాలావరకు అయినట్టే. అయితే f(x) అని రాసే ప్రమేయాల పద్ధతి, గ్రాఫుల్ని జరపడం, తిప్పడం, ఘాతాంక ప్రమేయాలు, సంకీర్ణ సంఖ్యలు వాళ్లు చూసి ఉండకపోవచ్చు. పాఠ్యపుస్తకం విషయసూచిక తీసుకెళ్లి చూపించండి, ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టమని అడగండి, ఎక్కువమందికి ఆల్జీబ్రా 2 సరిగ్గా సరిపోతుంది. నేరుగా ప్రీకాల్కులస్ కోసం పట్టుబట్టొద్దని నా సలహా.

ఆల్జీబ్రా 2 తర్వాత

మామూలు ప్రీకాల్కులస్ కాకుండా 2023-24 నుంచి కాలేజ్ బోర్డు ఏపీ ప్రీకాల్కులస్ కూడా పెట్టింది. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్‌లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు, చివర్లో కాలేజ్ బోర్డు పరీక్ష ఉంటుంది. అందులో నాలుగు యూనిట్లు ఉంటే పరీక్ష మొదటి మూడింటి మీదే. నాలుగోదైన పారామెట్రిక్ ప్రమేయాలు, వెక్టర్లు, మాత్రికలు చెప్పాలా వద్దా అన్నది స్కూల్ ఇష్టం. మీ పిల్లలు తర్వాత బీసీ కాల్కులస్‌కి (దాని గురించి కింద చెబుతాను) వెళ్లేటట్టయితే ఆ నాలుగో యూనిట్ చెబుతారా అని అడగండి, చెప్పకపోతే వేసవిలో మెల్లగా చూసుకోవచ్చు.

ఏపీ కాల్కులస్‌లో ఏబీ, బీసీ అని రెండున్నాయి. ఏబీలో ఉన్నదంతా బీసీలో ఉంటుంది, దాని మీద అనంత శ్రేణులు, పోలార్, పారామెట్రిక్, ఇంకొన్ని సమాకలన పద్ధతులు అదనం. బీసీ పరీక్ష రాస్తే ఏబీ సబ్‌స్కోరు కూడా వస్తుంది. ప్రీకాల్కులస్ బాగా చేసిన వాళ్లు నేరుగా బీసీకి వెళ్లొచ్చు, మీ స్కూల్ ఏబీ తప్పనిసరి అంటే మాత్రం రెండేళ్లు పడుతుందని ముందే లెక్క వేసుకోండి.

ఏపీ స్టాటిస్టిక్స్‌కి కాల్కులస్ అక్కర్లేదు, ఆల్జీబ్రా 2 చాలు. మన వాళ్లు దాన్ని తక్కువ చేసి మాట్లాడతారు గానీ బయాలజీ, సైకాలజీ, బిజినెస్ వైపు వెళ్లే పిల్లలకి అంతకన్నా పనికొచ్చే క్లాసు లేదనిపిస్తుంది నాకు. ఇంజనీరింగ్ అనుకునే వాళ్లు మాత్రం స్కూల్‌లో కాల్కులస్ ఉంటే వదలకండి. డేటా సైన్స్ క్లాసు ఆల్జీబ్రా 2 బదులు సరిపోతుందా అంటే, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వరకు 2023లో ఇంట్రో డేటా సైన్స్ కోర్సులకి ఆ వెసులుబాటు తీసేశారు. ఆల్జీబ్రా 2 చదివాక అదనంగా తీసుకుంటే మంచిదే. స్కూల్‌లో కాల్కులసే లేకపోతే అంత బెంగ వద్దు: దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ (హైస్కూల్‌లో ఉంటూనే కాలేజీ కోర్సు చదవడం) ఉందేమో చూడండి, ఒకప్పుడు కాల్కులస్ తప్పనిసరన్న కాల్‌టెక్ యూనివర్సిటీ కూడా అది దొరకని పిల్లలకి 2023లో వేరే దారులు ఇచ్చింది.

కౌన్సెలర్‌కి ఏం రాయాలి

ఫారం వచ్చాక పరుగెత్తకుండా, శీతాకాలం సెలవులకి ముందే ఒక చిన్న ఈమెయిల్ పంపండి. మా పిల్ల ఇప్పుడున్న ట్రాక్‌లో ఆల్జీబ్రా 1 ఏ గ్రేడ్‌లో వస్తుంది, పై ట్రాక్‌కి మారాలంటే ఏ పరీక్ష, ఏ తేదీ, ఎంత స్కోరు, పదో గ్రేడ్‌లో రెండు మ్యాథ్స్ క్లాసులు తీసుకోనిస్తారా, మొదలయ్యాక మరీ కష్టమైతే ట్రాన్‌స్క్రిప్ట్ మీద మచ్చ పడకుండా కింది క్లాసుకి మారడానికి ఆఖరి తేదీ ఎప్పుడు. ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు, తప్పకుండా అడగండి, వచ్చిన తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని దానికి వారం ముందు పిల్లల్ని కూర్చోబెట్టి క్లాసు ఎలా ఉందో నిదానంగా కనుక్కోండి.