నాటకం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: పిచ్చి వేషంలోని మాటలు

పోయిన పాఠంలో షేక్‌స్పియర్ నాటకం 'హామ్లెట్' మొదటి అంకం పూర్తి చేశాం. డెన్మార్క్ యువరాజు హామ్లెట్ దగ్గరికి తండ్రి ప్రేతం వచ్చి, తనను చంపింది తన తమ్ముడు, ఇప్పటి రాజు క్లాడియసేనని చెప్పి వెళ్లింది. హామ్లెట్ తన మిత్రుడు హొరేషియో చేత, కావలి సైనికుడు మార్సెలస్ చేత కత్తి మీద ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టును ఇంకోసారి చదవండి. ఇకపై నేను వింతగా ప్రవర్తించవచ్చు, అప్పుడు మీరు చేతులు కట్టుకుని, తల ఊపుతూ, మాకేదో తెలుసన్నట్టు చూడకండి అంటాడు. అంత చిన్న సైగ గురించి కూడా ముందే ఆలోచించుకున్నాడు. కాబట్టి ఇది వేషమని మనకు మొదటి అంకంలోనే తెలిసిపోతుంది. ఆ వేషంలో పలికిన మాటల్ని ఎలా చదవాలన్నదే ఈ రోజు పాఠం.

ముందు పాత కథ తెలియాలి. షేక్‌స్పియర్ ఈ నాటకాన్ని 1600 ప్రాంతంలో రాశాడు. అంతకు సుమారు 400 ఏళ్ల ముందే డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో గ్రమాటికస్ ఈ కథను లాటిన్‌లో రాశాడు. అందులో కుర్రవాడి పేరు ఆమ్లెత్. అక్కడ హత్య రహస్యం కాదు, చంపింది పినతండ్రేనని అందరికీ తెలుసు. ఏదో ఒక రోజు తననూ బతకనివ్వడని ఆమ్లెత్ పిచ్చివాడిలా నటిస్తాడు. ఒంటికి మురికి పూసుకుని పొయ్యి దగ్గర కూర్చుంటాడు. కర్ర కొక్కేలు చెక్కి, నిప్పు సెగకు గట్టిపరుస్తుంటాడు. ఏం చేస్తున్నావని అడిగితే, నాన్న పగ తీర్చుకోవడానికి ఈటెలు చేస్తున్నానంటాడు. అందరూ నవ్వుతారు. చివర్లో, తాగి పడిపోయిన కొలువువాళ్ల మీద గోడల తెరలు కప్పి, ఆ కొక్కేలతోనే బిగించి, హాలుకు నిప్పు పెడతాడు. అతను అబద్ధం ఆడలేదు. వాళ్లే నమ్మలేదు.

షేక్‌స్పియర్ ఇక్కడ పెద్ద మార్పు చేశాడు. అతని నాటకంలో హత్య సంగతి ఎవరికీ తెలియదు. హామ్లెట్ మామూలుగా ఉండి ఉంటే క్లాడియస్‌కు అనుమానమే రాదు. పిచ్చి వేషం వేసినందుకే రాజు కన్ను అతని మీద పడుతుంది, చిన్ననాటి స్నేహితుల్ని పిలిపించి ఆరా తీయిస్తాడు. మరి ఆమ్లెత్‌ను కాపాడిన వేషం హామ్లెట్‌కు దేనికి పనికొచ్చింది? నా సమాధానం మొదటి అంకం రెండో రంగంలో ఉంది. తల్లి క్లాడియస్‌ను పెళ్లాడటం గురించి ఒంటరిగా కుమిలిపోతూ, గుండె పగిలినా సరే నోరు మూసుకోవాలి అనుకుంటాడు. వేషం వేశాక ఆ నోరు తెరుచుకుంది. కొలువులో ఎవరూ అనలేని మాటలు అతను అనగలుగుతున్నాడు.

ఇప్పుడు రెండో అంకం, రెండో రంగం తీయండి. రాజు మంత్రి పొలోనియస్ హామ్లెట్‌ను పలకరిస్తాడు.

"నన్ను గుర్తుపట్టారా ప్రభూ?"
"బాగా గుర్తుపట్టాను. చేపలమ్ముకునేవాడివి."
"కాదు ప్రభూ."
"అయితే అంత నిజాయితీపరుడివైనా అయి ఉంటే బాగుండేది."

పైకి పిచ్చి వాగుడే. కానీ కొన్ని నిమిషాల ముందు పొలోనియస్ ఏం చేశాడో వెనక్కి వెళ్లి చూడండి. తన కూతురు ఒఫీలియాను హామ్లెట్ ముందుకు వదిలి, తెర చాటు నుంచి గమనిద్దామని రాజుతో అన్నాడు. కూతుర్ని ఎరగా వాడుకునే తండ్రికంటే చేపలవాడు నయం కాడా? ఏం చదువుతున్నారని అడిగితే "మాటలు, మాటలు, మాటలు" అంటాడు. సంగతేమిటని అడిగితే "ఎవరెవరి మధ్య?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఈ పిచ్చిలో ఒక పద్ధతి ఉందని పొలోనియస్ కూడా గమనిస్తాడు, కానీ ఆ దెబ్బ తగిలింది తనకేనని గ్రహించడు. ఆ ముసలాయనను చూస్తే నాకు ఇక్కడ జాలే కలుగుతుంది.

అందుకే ఇలాంటి ప్రతి మాట దగ్గరా ఆగి, ఇది ఎవరు వినాలని అంటున్నాడు, ఇందులో నిజమెంత అని అడగండి. వెర్రి వెయ్యి విధాలంటారు. హామ్లెట్ వెర్రి మాత్రం ఎదుటి మనిషిని బట్టి మారుతుంది. హొరేషియో ముందు అసలు కనిపించదు.

ఇంకో ఆనవాలు వచనం. వేషంలో ఉన్నప్పుడు హామ్లెట్ ఎక్కువగా వచనంలో మాట్లాడతాడు, ఒంటరిగా మిగలగానే పద్యానికి వస్తాడు. అయితే దీన్ని గుడ్డిగా నమ్మకండి. నటులకు నటన గురించి చెప్పేదీ, శ్మశానంలో హొరేషియోతో మాట్లాడేదీ వచనమే, అక్కడ పిచ్చి లేదు.

అభ్యాసానికి రెండు చోట్లు. మూడో అంకం మొదటి రంగంలో క్లాడియస్ చాటుగా విని, ఇది పిచ్చిలా లేదంటాడు. అతనికి ఆ అనుమానం ఏ మాట దగ్గర వచ్చి ఉంటుందో పెన్సిల్‌తో గీత గీయండి. తర్వాత నాలుగో రంగం. నాది పిచ్చి కాదు, ఎత్తు అని హామ్లెట్ తల్లికే నేరుగా చెప్పేస్తాడు. అప్పటికి పొలోనియస్ శవం ఆ గదిలోనే ఉంది. అది గుర్తుపెట్టుకుని చదవండి. వచ్చే పాఠంలో ఆ చావు వల్ల నిజంగానే మతి చలించిన ఒఫీలియా పాటలూ, ఆమె పంచిన పూలూ చూద్దాం.